రమణ సారు తీసిన సొట్ట

మార్చి ముప్పై, సోమవారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలకు చర్లలో జంపయ్య వ్యానును వెనక్కి పంపారు. పక్క తలుపు మూసుకోలేదు. రెండు అంగుళాల సందు మిగిలింది.

వ్యానును చూసింది ఉషారాణి. అడవి పల్లెల్లో వైద్య శిబిరాలు నడిపే ఒక సంస్థలో ఆమె సూపర్‌వైజరు. వారానికి నాలుగు రోజులు, ఏడాది పాటు తిరగడానికి కిరాయి బండి కావాలని ఫిబ్రవరిలోనే చెప్పి పెట్టింది. షరతులు మూడు. బండికి పసుపు నంబరు ప్లేటు ఉండాలి. డ్రైవరుకు కోయ భాష రావాలి. తలుపులు గట్టిగా మూసుకోవాలి, మందుల పెట్టెల్లోకి దుమ్ము పోకూడదు. మొదటి రెండూ జంపయ్యకు ఉన్నాయి. మూడోది మొన్న గురువారం సాయంత్రం దాకా ఉంది.

ఉషారాణి తలుపును మూడుసార్లు జరిపి చూసింది.

"దీన్ని ఎవరు బాగుచేసిండ్రు?"

"మా రమణ సారు," అన్నాడు జంపయ్య.

"మెకానిక్కా?"

"కాదు మేడం. పాల్వంచ ప్లాంటుల ఫోర్‌మెన్. పెద్ద పనోడు."

బుధవారం సాయంత్రం ఐదు లోపల తలుపు మూసుకునేలా చేసి తెస్తే మళ్లీ చూస్తానని ఆమె చెప్పింది. ఈలోపు వేరే మంచి బండి వస్తే మాట నిలుపుకోలేనని కూడా చెప్పింది.

జంపయ్యకు నలభై మూడేళ్లు. ఊరు చర్ల నుంచి పద్నాలుగు కిలోమీటర్లు లోపలికి. ఎనిమిదేళ్లుగా పాల్వంచ థర్మల్ ప్లాంటులో బొగ్గు బెల్టుల దగ్గర కాంట్రాక్టు కూలీ. ఆరు రోజులు పాల్వంచలో అద్దె గదిలో, ఒక్క రోజు ఇంట్లో. పాత వ్యాను కొన్నది ఆ లెక్క తిప్పడానికే. శిబిరాల కిరాయి దొరికితే ఇంటి దగ్గరే ఉండొచ్చు. దొరుకుతుందన్న ధైర్యంతో మార్చి ఇరవై మూడున పని మానేస్తానని గేటు పాసు తెచ్చి ఫోర్‌మెన్ బల్ల మీద పెట్టాడు. ఫోర్‌మెన్ రమణ సంతకం చేసి తీసుకున్నాడు. "మంచిది, పిల్లల దగ్గరుంటవ్," అన్నాడు.

రమణకు యాభై రెండేళ్లు. ప్లాంటులో ముప్పై ఏళ్ల సర్వీసు. కాలనీలో ఏ ఇంట్లో మోటారు ఆగినా ఆయన్నే పిలుస్తారు. ఆయన ఇంటికి ప్లంబరు గాని, ఎలక్ట్రీషియన్ గాని ఎప్పుడూ రాలేదు.

వ్యాను సంగతి ఆయన కారుతో మొదలైంది.

మార్చి ఎనిమిది, ఆదివారం. తిరుమలాయపాలెంలో చుట్టాల ఇంటి ముందు రమణ కారు వెనక్కి తీస్తుండగా ఆగి ఉన్న ట్రాక్టరు ట్రాలీ మూల తగిలింది. ఎడమ వెనక తలుపుకు సొట్ట పడింది. జానెడు పొడవు, మూడు వేళ్ల వెడల్పు. తలుపు మీద అడ్డంగా పోయే మడత గీత మీదనే పడింది.

సోమవారం డ్యూటీకి పోతూ రజాక్ షెడ్డు దగ్గర ఆగాడు. రజాక్ డెంటర్, వయసు అరవై మూడు. పాల్వంచలో భద్రాచలం రోడ్డు మీద షెడ్డు. సొట్టలు తీసేది తను, రంగు కలిపి కొట్టేది కూతురు ఫరహా. రంజాన్ నెల, ఉపవాసంలో ఉన్నాడు. సొట్ట చూసి, రెండు రోజులు పడుతుందని, మూడున్నర వేలు అవుతుందని చెప్పాడు.

రోడ్డుకు ఇవతల సమ్మయ్య టీ కొట్టు ఉంది. అక్కడ క్రేన్ ఆపరేటరు గోపాలు ఉన్నాడు. రమణ టీ తీసుకుని చెప్పాడు.

"నాలుగు దెబ్బలకు మూడున్నర వేలంట. బాయిలర్ డక్టులే సాపు చేస్తం మనం. గిదెంత?"

"చేస్తె గ్రూపుల ఫొటో పెట్టన్నా," అన్నాడు గోపాలు. "మాటలు అందరం పెడ్తం."

కాలనీ వాట్సాప్ గ్రూపులో రెండు వందల పన్నెండు మంది ఉన్నారు.

మంగళవారం రమణ సెలవు పెట్టాడు. పొద్దున తొమ్మిదింటికి పని మొదలుపెట్టాడు. ముందు సలసల మరిగిన నీళ్లు రెండు గిన్నెలు సొట్ట మీద పోశాడు. బాత్రూంలో నీళ్లు దిగనప్పుడు వాడే రబ్బరు గిన్నె తెచ్చి అదిమి లాగాడు. ఫోన్లో చూసిన వీడియోలో సొట్ట అట్లాగే వచ్చింది. ఆ వీడియోలో ఉన్నది ప్లాస్టిక్ బంపరు. ఇది రేకు. రాలేదు.

పదిన్నరకు తలుపు లోపలి ప్లాస్టిక్ అట్ట ఊడదీసి, లోపలి నుంచి చెక్కముక్క ఆనించి సుత్తితో కొట్టాడు. ప్లాంటులో ఆయన సరిచేసే డక్టుల, అంటే బాయిలర్ గాలి గొట్టాల, ప్లేటు మందం ఆరు మిల్లీమీటర్లు. కారు రేకు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. ఆ సంగతి ఆయనకు తెలుసు. చేతికి తెలియదు. పదకొండు దాటేసరికి సొట్ట బయటికి వచ్చింది, దాని చుట్టూ బొడిపెలు కూడా వచ్చాయి. రేకు సాగింది. వేలితో నొక్కితే టక్కున లోపలికి పోయి, వదిలితే టక్కున బయటికి వస్తోంది, నూనె డబ్బా అడుగులా.

భార్య శ్యామల వరండాలోంచి దిగి వచ్చి చూసింది.

"పొద్దున ఒక్కటే ఉండె. ఇప్పుడు ఏడున్నయ్."

"లెక్క పెట్టమన్ననా నిన్ను?"

"లెక్క పెట్టక్కర్లే. ఎండ పడి కనబడుతున్నయ్."

మధ్యాహ్నం గోపాలు ఫోన్ చేశాడు. ఫొటో ఏదన్నా అని అడిగాడు. ఆగమన్నాడు రమణ.

బుధవారం తెల్లవారి ఐదూ నలభైకి రమణ కారు రజాక్ షెడ్డు ముందు ఆగింది. రజాక్ నమాజు చేసుకుని అప్పుడే వచ్చాడు. తలుపును కళ్లతో ఎక్కువసేపు చూడలేదు. పాత బనియన్ ముక్క అరచేతి కింద వేసుకుని, కళ్లు మూసుకుని, రేకు మీద మెల్లగా నడిపాడు.

"గుడ్డ ఎందుకు?" అన్నాడు రమణ.

"ఒట్టి చెయ్యి రేకుకు పట్టుకుంటది సార్. గుడ్డ వేస్తె జారుతది. ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లం తెలుస్తది. ఎన్ని దెబ్బలు కొట్టిన్రు?"

"పదో, పదిహేనో."

"నలభై ఉంటయ్."

రమణ తలుపు వైపు చూసి, "ఉంటయ్," అన్నాడు.

ఫరహా వంగి రంగు చూస్తోంది. "అబ్బా, ఇక్కడ గుండ్రటి మచ్చ ఉంది. సార్, బాత్రూందేమన్న పెట్టి గుంజిన్రా?"

రమణ రోడ్డు వైపు చూశాడు.

"నవ్వకు బేటీ," అన్నాడు రజాక్. ఆమె నవ్వడం లేదు. "సార్, మీరు రోజూ కొట్టేది గోడ. ఇది అప్పడం. సొట్ట తీసుడు అల్కనే. సాగిన రేకును మళ్ల కుదించుడే పని."

కారును షెడ్డు వెనక్కి తీసుకుపోయి టార్పాలిన్ కప్పమని రమణ అడిగాడు. ఎందుకని రజాక్ అడగలేదు. ఫరహా తీసుకుపోయింది.

పని రెండు రోజులు పట్టింది. గురువారం సాయంత్రం రమణ వచ్చేసరికి రజాక్ చివరి చోట్లు సరిచేస్తున్నాడు. గ్యాస్ మంటతో రూపాయి బిళ్లంత చోటు ఎర్రబడే దాకా వేడి చేసి, వెంటనే తడిగుడ్డ అద్దాడు. రేకు చిన్నగా చప్పుడు చేసి కుదించుకుంది. రమణ ఆ పనిని పది నిమిషాలు చూశాడు. తర్వాత ఫరహా లప్పం పెట్టి, రుద్ది, రంగు కొట్టింది. ఆరాక సొట్ట పడిన చోటు ఎక్కడో రమణ వెతకాల్సి వచ్చింది. దొరకలేదు.

లోపలి అట్ట బిగించే ముందు రజాక్ సన్న కుంచెతో తలుపు లోపల, రేకు మీద రాశాడు. ర. 12-3.

"పేరెందుకు రజాక్ భాయ్?"

"పేరు కోసం కాదు సార్. ఒకసారి కొట్టిన రేకు రెండోసారి గట్ల వినదు. బండి మళ్ల వస్తె నాకు తెలవాలె. ఇరవై ఏండ్ల సంది రాస్తున్న. అట్ట వేసినంక ఎవ్వరికి కనబడదు."

రజాక్ అడిగినదాని కంటే రమణ ఎక్కువ ఇవ్వబోయాడు. రజాక్ ఎక్కువది తిరిగిచ్చేశాడు.

"ఈ సంగతి మన మధ్యనే ఉండనియ్యి," అన్నాడు రమణ.

"నా పనే కనబడకుండ చేసుడు సార్. ఇంక చెప్పేదేముంది?"

ఆ రెండు రోజులూ కారేదని కాలనీలో అడిగినవాళ్లకు ఇంకా రంగు పని ఉందని రమణ చెప్పాడు. అందులో అబద్ధం లేదు.

శుక్రవారం సాయంత్రం ఏడింటికి గ్రూపులో రెండు ఫొటోలు పెట్టాడు. ఒకటి ఆదివారం తీసింది, సొట్టతో. ఇంకొకటి అప్పుడు తీసింది. ఏడు బొడిపెల ఫొటో లేదు. ఫొటోల కింద ఒక్క మాట కూడా రాయలేదు. గంటలో అరవై ఒక్క మంది బొటనవేలు ఎత్తారు. 'రజాక్ భాయ్ దుకాణం బంద్' అని గోపాలు రాశాడు. రమణ దానికి దండం పెట్టే చేతుల బొమ్మ పెట్టాడు.

ఆ బొమ్మ ఫరహా స్నేహితురాలి ఫోన్లో ఫరహాకు కనిపించింది. తండ్రికి చూపించింది. కళ్లజోడు లేదని ఆయన ఫోన్ తిరిగిచ్చాడు. మార్చి రెండో సగంలో కాలనీ నుంచి షెడ్డుకు ఒక్క కారు కూడా రాలేదు.

మార్చి ఇరవై ఆరు, గురువారం సాయంత్రం, నవమి జనాన్ని భద్రాచలంలో దింపి వస్తుండగా జంపయ్య వ్యానుకు పక్క నుంచి ఒక ఆటో తగిలింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. జరిపి మూసే పక్క తలుపుకు పళ్లెమంత సొట్ట పడింది. తలుపు జరుగుతోంది, మూసుకుంటోంది. కానీ సోమవారం బండిని చూస్తారు.

శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి అతను సమ్మయ్య కొట్టు ముందు వ్యాను ఆపాడు. రమణ, గోపాలు టీ తాగుతున్నారు. రోడ్డుకు అవతల రజాక్ షెడ్డు తెరిచి ఉంది. సుత్తి చప్పుడు వినిపిస్తోంది.

"రజాక్ భాయ్ తానకు పోతున్న సార్," అన్నాడు జంపయ్య. "సోమారం చూపెట్టాలె."

"అరె, ఇంట్ల డాక్టరును పెట్టుకుని దవాఖానకు పోతవా?" అన్నాడు గోపాలు. "అన్న కారు చూసినవా? ఆ సొట్ట ఎక్కడుండెనో చూపెట్టు, నీ టీ పైసలు నేనిస్త."

జంపయ్య రమణ కారు చుట్టూ నడిచాడు. ఎడమ వెనక తలుపు దగ్గర కూర్చుని చూశాడు. లేచాడు.

"ఏడ సార్?"

గోపాలు తొడ చరిచాడు. సమ్మయ్య కూడా నవ్వాడు.

"అవ్ గని, డ్యూటీ నడుమ నీకు తీరుతదా సార్?" అని అడిగాడు జంపయ్య. "తీరకపోతె చెప్పు. భాయ్‌కి ఇస్త."

రమణ టీ గ్లాసు అడుగున మిగిలింది తాగాడు. రోడ్డు అవతలికి చూశాడు. ఫరహా ఒక బండి తలుపును గోనెపట్టా మీద పెట్టి రుద్దుతోంది. తల ఎత్తలేదు.

"రేపు పొద్దున తీస్కరా," అన్నాడు రమణ.

శనివారం రమణ సెలవు పెట్టాడు. ఎనిమిదిన్నరకు జంపయ్య ఆయన క్వార్టర్ ముందుకు వ్యాను తెచ్చాడు. రమణ తెలిసిన వెల్డింగు షాపు నుంచి గ్యాస్ సిలిండరు, మంట పెట్టే టార్చి తెచ్చి పెట్టుకున్నాడు. ఈసారి జాగ్రత్తగా చేశాడు. తేలికపాటి సుత్తి వాడాడు. చెయ్యి కింద బనియన్ ముక్క వేసుకున్నాడు. బనియన్ కింద ఏం తెలియాలో ఆయనకు తెలియలేదు. మధ్యాహ్నానికి సొట్ట బయటికి వచ్చింది, రేకు సాగి టక్కు టక్కుమంది. అది ఊహించిందే. టార్చి వెలిగించాడు.

రజాక్ వేడి చేసింది రూపాయి బిళ్లంత చోటు. రమణ పళ్లెమంత చోటు వేడి చేశాడు. తడిగుడ్డ పట్టుకుని నిలబడింది జంపయ్య. సారు చెప్పగానే అద్దాడు. పెద్ద చప్పుడైంది. తలుపు మొత్తం ఒక పక్కకు మెలి తిరిగింది. తలుపు కింది చక్రం, అది జరిగే పట్టాలో కూర్చోలేదు.

నాలుగు గంటల దాకా తంటాలు పడ్డారు. చివరికి తలుపు జరిగింది, రెండు అంగుళాల ముందు ఆగింది.

"గిట్ల ఆగుతుందేంది సార్?"

"అంచుకు ఉన్న రబ్బరు కొత్తగ సర్దుకోవాలె," అన్నాడు రమణ. "రెండు రోజులల్ల కూసుంటది."

రబ్బరుకు దానితో సంబంధం లేదు. జంపయ్య తల ఊపాడు. ముందు సీటు కింద నుంచి సీసా తీసి వరండా గట్టు మీద పెట్టాడు. అడవి తేనె. వద్దన్నాడు రమణ.

"పైసలు తీసుకోవు. ఇదన్న తీసుకో సార్. మా పుష్ప పంపింది. చీమ పట్టకుండ పెట్టుమన్నది."

పుష్ప అతని భార్య. రమణ సీసా లోపలికి తీసుకుపోయాడు. అప్పటికి శనివారం సాయంత్రం నాలుగున్నర. షెడ్డు ఎనిమిది దాకా తెరిచే ఉంటుంది. ఆదివారం కూడా తెరుస్తారు.

"రజాక్ దగ్గరికి పొమ్మనరాదూ," అంది శ్యామల, కిటికీలోంచి.

"ఏమని చెప్పాలె?"

శ్యామల కిటికీ దగ్గర నుంచి పోయింది.

ఆదివారం జంపయ్య తలుపును తాడుతో కట్టి ఊరికి బయలుదేరాడు. చర్ల దాటాక పోలీసు క్యాంపు దగ్గర ఆపారు. తలుపుకు తాడేందని కానిస్టేబులు అడిగాడు.

"రబ్బరు కొత్తగ సర్దుకుంటున్నది సార్," అన్నాడు జంపయ్య.

కానిస్టేబులు తాడు విప్పించి లోపల చూసి, మళ్లీ కట్టుకోమన్నాడు.

సోమవారం ఉషారాణి వెనక్కి పంపాక, పదకొండూ ఐదుకు రమణకు ఫోన్ వచ్చింది. ఆయన టర్బైన్ హాల్లో ఉన్నాడు. మాట వినబడక బయటికి నడిచాడు.

"సార్, రబ్బరు ఇంక కూసోలే."

రమణ హెల్మెట్ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"వినబడుతుందా సార్? బుధారం దాకా టైం ఇచ్చిండ్రు."

"రజాక్ షెడ్డుకు తీస్కరా," అన్నాడు రమణ. "నేను కూడ వస్త."

సాయంత్రం ఐదింటికి వ్యాను షెడ్డు ముందు ఆగింది. రమణ కారు దాని వెనక ఉంది. రజాక్ బనియన్ ముక్క తీసి తలుపు మీద చెయ్యి నడిపాడు. సగంలోనే ఆపేశాడు.

"ఎవరు కొట్టిండ్రు?"

"సారే," అన్నాడు జంపయ్య. "సారు తప్పేం లేదు భాయ్. బండి పాతది. సారు చెయ్యి మంచిదే. ఆయన కారు చూడలే నువ్వు. అద్దమోలె తీసిండు."

రజాక్ గుడ్డను మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఫరహా చేతిలో ఉన్న గరుకు కాగితం కింద పెట్టి రమణ వైపు చూసింది.

రమణ తన కారు డిక్కీలోంచి స్క్రూ డ్రైవరు తీశాడు. ఎడమ వెనక తలుపు తెరిచి కూర్చున్నాడు. నాలుగు స్క్రూలు విప్పాడు. తొమ్మిది క్లిప్పులు లాగాడు. రెండు విరిగాయి.

"మెల్లగ సార్, అవి దొరకవు," అన్నాడు రజాక్. "ఇప్పుడదెందుకు, వదిలెయ్యిర్రి."

అట్ట ఊడి వచ్చింది. రమణ దాన్ని వెనక సీట్లో పడేసి జంపయ్యను పిలిచాడు. జంపయ్య వంగి చూశాడు. షెడ్డు గోడకు ఆనించిన ఇంకో తలుపు లోపల కూడా అదే అక్షరం ఉంది. అటు చూసి, మళ్లీ ఇటు చూశాడు.

"ఇది భాయ్ రాత."

"అవ్," అన్నాడు రమణ. "నేను తియ్యలేదు. నేను చెడగొట్టిన. ఆయన తీసిండు."

జంపయ్య నిలబడ్డాడు. రోడ్డు మీద ప్లాంటు బస్సు పోయింది.

"భాయ్," అన్నాడు జంపయ్య. "శుక్రారం పొద్దున నీ తానకొస్తె?"

"అయిపోయిన ముచ్చట ఇప్పుడెందుకు?"

"చెప్పు భాయ్."

"శనారం సాయంత్రానికి అయిపోతుండె," అన్నాడు రజాక్.

జంపయ్య రమణ వైపు తిరిగాడు. "అడిగిన గద సార్. తీరకపోతె చెప్పుమన్న."

"అడిగినవ్," అన్నాడు రమణ.

ఆ తలుపు ఇక పనికిరాదని, వేరే తలుపు తెచ్చి వేయాలని రజాక్ చెప్పాడు. మంగళవారం రమణ సెలవు పెట్టి ఖమ్మం పోయాడు. పాత బండ్ల సామాను అమ్మే చోట్లు నాలుగు తిరిగాడు. నాలుగో చోట ఆ వ్యాను తలుపు దొరికింది. నీలం రంగుది. జంపయ్య వ్యాను తెలుపు. డిక్కీ మూత తాడుతో కట్టి, తలుపు సగం బయటికి ఉండగా సాయంత్రం ఆరున్నరకు పాల్వంచ తెచ్చాడు.

బుధవారం పొద్దున ఆరింటి నుంచి రజాక్ తలుపు పట్టాలు సరిచేశాడు. ఒంటి గంటన్నరకు తలుపు ఒక్క వేలితో జరిగి మూసుకుంది. రంగు కొట్టే సమయం లేదు. ఫరహా మాత్రం అంచుల తుప్పు రుద్ది ప్రైమరు పూసింది.

"నీలం తలుపని పేరు పెడ్తరు నీ బండికి," అంది ఆమె.

"పెట్టనియ్యక్కా. మూసుకుంటె చాలు," అన్నాడు జంపయ్య.

చర్లకు తనూ వస్తానన్నాడు రమణ. జంపయ్య వద్దనలేదు, రమ్మనలేదు. రమణ వెనక సీట్లో, నీలం తలుపు పక్కన కూర్చున్నాడు. నవమి జనం తగ్గారు. భద్రాచలం వంతెన మీద ఆగకుండా దాటారు. దుమ్ముగూడెం దాటాక రోడ్డు గుంతల్లో రెండుసార్లు రమణ తలుపు పట్టుకున్నాడు. అది కదల్లేదు.

నాలుగూ ఇరవై ఐదుకు చర్ల చేరారు. ఉషారాణి బయటికి వచ్చి తలుపును మూడుసార్లు జరిపింది. మూడుసార్లూ మూసుకుంది.

"మంచిగ పడుతున్నది," అంది. "కాని మధ్యాహ్నం పన్నెండున్నరకు వెంకటాపురం జీపు వచ్చింది జంపయ్యా. రేపటి నుంచి శిబిరం. నేను ఐదు దాకా చూద్దామనుకున్న. పైనుంచి ఫోన్ చేసి ఖాయం చెయ్యమన్నరు."

జంపయ్య తలుపు మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు.

"మేడం, తలుపు పాడు చేసింది నేను," అన్నాడు రమణ. "అతనిది ఏం లేదు."

"మీరేనా రమణ సారు?" అంది ఉషారాణి. "సోమవారమే చెప్పిండు మీ పేరు."

ఆమె రిజిస్టరు తెచ్చి జంపయ్య పేరు, ఫోన్ నంబరు రెండో వరసలో రాసుకుంది. జీపు రాని రోజు పిలుస్తానంది.

జంపయ్య రమణను బస్టాండులో దింపాడు. తను ఊరికి పోవాలి. రమణ దిగి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"గేటు పాసుకు నేను మాట్లాడ్త జంపయ్యా. ప్లాంటు సాహెబుకు నేనే రాసిస్త."

"చూద్దాం సార్." బండి గేరులో వేసి మళ్లీ ఆపాడు. "తేనె తిన్నరా?"

"లేదు."

"తినుర్రి. శాన రోజులు పెడితె పులుస్తదది."

భద్రాచలం పోయే బస్సులో, సాయంత్రం ఆరూ పదికి రమణ గ్రూపులో ఒక ఫొటో పెట్టాడు. ముందే తీసి పెట్టుకున్నది, తన కారు తలుపు లోపలి రేకు, దాని మీద ర. 12-3. కింద రెండు వాక్యాలు రాశాడు. 'నా కారు సొట్ట తీసింది రజాక్ భాయ్. జంపయ్య వ్యాను తలుపు పాడు చేసింది నేను.' తొమ్మిది గంటలకు నూట ఎనభై ఏడు మంది చూశారు. ఎవరూ బొటనవేలు ఎత్తలేదు. గోపాలు ఒక్కడు రాశాడు. 'మరి ఆ రోజు దండాలెందుకు పెట్టినవన్నా?'

ఏప్రిల్ మూడున జంపయ్య గేటు పాసు కోసం రమణ కాగితం రాసి పైఆఫీసుకు పంపాడు. ఆ కాగితం మీద జంపయ్య సంతకం కావాలి. అతను ఇంకా రాలేదు. ఏప్రిల్ పదిహేను లోపు వైద్య శిబిరానికి అతన్ని రెండుసార్లు పిలిచారు. రెండుసార్లూ నీలం తలుపు బండే పోయింది. కాలనీ నుంచి రజాక్ షెడ్డుకు మూడు కార్లు వచ్చాయి, ఒకటి గోపాలుది.

ఏప్రిల్ పదిహేను నాటికి రమణ కారు ఎడమ వెనక తలుపుకు లోపలి అట్ట బిగించలేదు.